విత్‌డ్రా అను పదము – దాని చరిత్ర

ఇంగ్లీషు రానివారును మన యిండ్లలో ప్రతిదినము వాడు ఇంగ్లీషు మాటలు కొన్ని కలవు. వానిలో ‘విత్‌డ్రా’ యొకటి. బ్యాంకునుండి సొమ్ము తీసికొనుట విత్‌డ్రా. ఎన్నికలలో నిలిచిన అభ్యర్థి పోటీనుండి తప్పుకొనినచో విత్‌డ్రా ఐనాడందురు. వేసిన దావాను వేసినవారే మానుకొనినచో విత్‌డ్రా చేసికొన్నారందురు. పిల్లను బడి మాన్పించిన సంగతి పాఠశాల పట్టికలో ‘విత్‌డ్రాయల్’ అను శీర్షికక్రింద చేరును. భార్య భర్తను వీడి పుట్టినింట నున్నయెడల, ఆమెపై వేయబడు ఇంగ్లీషు అర్జీలోను ఈ మాటయే కానవచ్చును. సొమ్మునకు, అభ్యర్థికి, దావాకు, పిల్లకు, భార్యకు ఒకే క్రియాపదము చాలుచున్నది. అట్లు చాలుటలో ఒక చిక్కు కలదు. ఆ చిక్కు వ్యాకరణమున బుట్టినదే యైనను, దాని ఫలము వ్యాకరణముతో ముగియలేదు, న్యాయస్థానములదాక పోయినది. ఆ చరిత్రను చదువరులకు విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ పదమున ‘విత్’, ‘డ్రా’ అని రెండు భాగములు కలవు. ‘డ్రా’ యనగా లాగుట. గుఱ్ఱము బండిని లాగుటకును, బావినుండి నీరు తోడుటకును ఈ ధాతువే వాడబడును. ‘విత్’ అనగా ‘తోడ’, ‘కూడ’ అని మన బాలురు ఇంగ్లీషు మొదటి పాఠములలోనే నేర్చుకొందురు. అట్లయినచో విత్‌డ్రా యనగా ‘తనతోడ లాగుకొనిపోవుట’ కావలెను గదా! ‘వెనుకకు లాగుట’ యెట్లయ్యెను?

ప్రాచీనాంగ్లభాషలో ‘విత్’ అను మాటకు ‘ఎదురుగా’, ‘దూరముగా’ అను అర్థములుండెను. ‘కూడ’ అనుటకు ‘మిడ్’ అను వేఱొక మాట యుండెను. కాలక్రమమున ‘విత్’ అనునది ‘మిడ్’ యొక్క స్థానము నాక్రమించెను. ప్రసవసమయమున తల్లికి తోడుగా నుండు మంత్రసానికి ఇంగ్లీషువారు పెట్టిన ‘మిడ్‌వైఫ్’ అను పేరులో ఆ పాతమాట యింకను బ్రతికియున్నది. అట్లే ‘విత్’ యొక్క పాతయర్థము కొన్ని క్రియలలో నిలిచియున్నది. ఎదిరించి నిలుచుట ‘విత్‌స్టాండ్’. ఈయవలసినదానిని ఈయక పట్టియుంచుట ‘విత్‌హోల్డ్’. వెనుకకు లాగుట ‘విత్‌డ్రా’. కూడియుండుటను చెప్పు మాట ఒకప్పుడు ఎడముగా నుండుటను చెప్పెనన్న విషయము వింతగా తోచును గాని, ఎదురుగా నిలిచినవాడును, ప్రక్కన నిలిచినవాడును దగ్గఱనే యుందురు గదా. భాషలో ఇట్టి మార్పులు అరుదు కావు.

విత్‌డ్రా యను క్రియ 13వ శతాబ్దియొక్క ఆరంభమున గ్రంథములలో కానవచ్చుచున్నది. లాటిను భాషలోని ‘రెట్రాహెరె’ అను క్రియను చూచి దీనిని కల్పించియుందురని భాషావేత్తల యూహ. సేనలు వెనుదీయుటను చెప్పు ‘రిట్రీట్’ అను మాటయు, అన్నమాటను వెనుకకు తీసికొనుటను చెప్పు ‘రిట్రాక్ట్’ అను మాటయు ఆ లాటిను మూలమునుండి వచ్చినవే. విత్‌డ్రా మొదట సకర్మకక్రియగా కానవచ్చును: ఒకరు ఒకదానిని వెనుకకు తీసికొనుట. కొలదికాలమునకే అదే రూపము అకర్మకముగను వాడబడెను: తనంతట తాను వెనుదీయుట.

చిక్కు ఇక్కడనే పుట్టినది. ఒకరు ఒకరిని లాగినను, ఒకరు తమంతట తొలగినను, క్రియారూప మొక్కటియే. సంస్కృతమున నట్లు కాదు. ‘నివర్తతే’ యన్న తాను మరలుచున్నాడు. ‘నివర్తయతి’ యన్న ఇంకొకరిని మరల్చుచున్నాడు. తెలుగున ఈ భేదము ఇంకను తేటతెల్లము. తొలగుట వేఱు, తొలగించుట వేఱు. మరలుట వేఱు, మరల్చుట వేఱు. మానుట వేఱు, మాన్పించుట వేఱు. ‘మాన్పించిరి’ అన్నతోడనే, మాన్పించినవా రెవరో కలరని ఆ ప్రత్యయమే సాక్ష్యమిచ్చును. ఇంగ్లీషున ఈ భేదమును వాక్యముయొక్క కూర్పుచేత తెలుపవచ్చును. కాని ఆ క్రియనుండి ‘విత్‌డ్రాయల్’ అను నామవాచకమును చేసినంతనే ఆ యానవాలు మాసిపోవును. లాగినవా రెవరు, లాగబడినవా రెవరు అను ప్రశ్నకు ఆ నామవాచకమున జవాబు లేదు.

ఇందుచేత వెనుకకు తీసికొనుట యెల్ల దోషమని నేననుట లేదు. తాను విడిచినదానిని తాను తీసికొనుట గొప్పగుణము. మన పూర్వులు దానికి ఉపసంహారమని పేరిడిరి. భారతమున సౌప్తికపర్వకథ అందఱెఱిగినదే. అశ్వత్థామయు, అర్జునుడును మహాస్త్రములను విడిచిరి. ఋషులు అడ్డముగా నిలువగా అర్జునుడు తన యస్త్రమును ఉపసంహరించెను. అశ్వత్థామకు అది చేతగాలేదు. అతని యస్త్రము పాండవస్త్రీల గర్భములపై పడెను. విడుచుటకంటె మరల్చుట కష్టమనియు, మరల్చలేనివాని తప్పునకు ఏ పాపము నెఱుగనివారు ఫలమనుభవింతురనియు ఆ కథ తెలుపుచున్నది.

మన దేశచరిత్రలో అట్టి ఉపసంహారము 1922లో జరిగెను. ఆ యేడు ఫిబ్రవరి 4వ తేదీన చౌరీచౌరాలో జనసమూహము పోలీసుఠాణాకు నిప్పంటింపగా ఇరువదిమందికి పైగా పోలీసులు మరణించిరి. అహింసను వ్రతముగా బట్టిన గాంధీమహాత్ముడు ఇక ముందుకు పోరాదని నిశ్చయించెను. 12వ తేదీన బార్డోలీలో కాంగ్రెసు కార్యనిర్వాహకవర్గము సామూహిక శాసనోల్లంఘనమును నిలుపుచు తీర్మానించెను. ఇంగ్లీషు చరిత్రకారులు దీనిని సహాయనిరాకరణోద్యమముయొక్క ‘విత్‌డ్రాయల్’ అని వ్రాయుదురు. ఆ దినములలో గుంటూరుమండలమునందలి పెదనందిపాడు ప్రాంతపు రైతులు పన్నులు చెల్లింపక, జప్తులకు వెఱవక నిలిచియుండిరి. వారి పోరాటమును ఆ నెలలోనే నిలిచిపోయెను. తెలుగున ఈ సంగతిని ఒక్కమాటతో చెప్పుటకు వీలులేదు. గాంధీగారు ఉపసంహరించిరి, రైతులు మానుకొనవలసివచ్చెను. మొదటి వాక్యమునకు కర్త యొకరు, రెండవదానికి వేలకొలది జనులు. మొదటిది ధర్మమని పొగడువారును రెండవదానిని మఱచిపోరాదు.

ఇక ఇంటిలోనికి పోవుదము. మన పట్టణములలో కలవారి యిండ్ల ముందుగదిని ‘డ్రాయింగు రూము’ అందురు. బొమ్మలు వ్రాయు గది యని కొందఱు బాలురు తలంతురు. దాని పూర్తి పేరు ‘విత్‌డ్రాయింగు రూము’. 16వ శతాబ్దిలో ఇంగ్లండులోని ప్రభువుల భవనములందు పదుగురు కూడు పెద్దశాలను దాటి యజమాని ఏకాంతముగా తొలగిపోవు గది యది. 17వ శతాబ్దిలో పలుకుబడిలో మొదటి భాగము రాలిపోయెను. తరువాతి రెండు శతాబ్దులలో ఆ గదికి వేఱొక యాచారము కలిగెను. విందు ముగియగానే స్త్రీలు బల్లయొద్దనుండి లేచి ఆ గదికి పోవుదురు. పురుషులు భోజనశాలలోనే యుండి ద్రాక్షాసవమును సేవించుచు రాజకీయములు మాటాడుకొందురు. స్త్రీలు ‘విత్‌డ్రా’ ఐరని వ్రాయుట వాడుక. ఆ స్త్రీలు తొలగిరా, తొలగింపబడిరా? ఎవరును వారిని చేయిపట్టి లాగలేదు. ఐనను, కూరుచుందునన్న స్త్రీకి అక్కడ పీట లేదు. ఆచారమే కర్తయై లాగినప్పుడు లాగబడినవారు తామే కదలినట్లు కానవత్తురు. మన యిండ్లలో చావడిలో పెద్దలు పిల్ల పెండ్లినిగూర్చి మాటాడుచుండగా, ఆ పిల్లయు తల్లియు తలుపుచాటున నిలిచిన కాలమును తలచుకొన్నచో, ఈ విషయమున ఇంగ్లీషువారిని మాత్రమే నిందింపజాలము.

పాఠశాలలలో ‘ప్రవేశములు, విత్‌డ్రాయల్సు’ అను పట్టిక పూర్వమునుండి వచ్చుచున్నది. ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి దాని స్వరూపము తెలియును. పేరు, పుట్టినతేది, చేరినతేది, విడిచినతేది, కారణము. ఊరు మాఱి పోయిన పిల్లవాడును, చదువు ముగించిన పిల్లవాడును, పెండ్లి నిశ్చయమై ఇంట కూరుచున్న పిల్లయు ఆ ఒక్క శీర్షికక్రిందనే చేరుదురు. కారణమను గడిలో ‘తండ్రి కోరికమీద’ అని గాని, ‘ఇంటి పరిస్థితులు’ అని గాని యుండును. కాని ఆ తండ్రియే బయట మాటాడునపుడు ‘మా అమ్మాయిని బడి మాన్పించినాము’ అని నిజమే చెప్పును. చదువురాని తండ్రి తెలుగున దాచని కర్తను చదువుకొన్న మనము ఇంగ్లీషున దాచుచున్నాము.

ఈ పదము మిక్కిలి బలముగా తగిలినది వివాహశాసనమునందు. ఇంగ్లండున పూర్వము మతాధికారుల న్యాయస్థానములు వివాహవివాదములను విచారించుచుండెను. దంపతులలో నొకరు రెండవవారి సాహచర్యమునుండి అకారణముగా తొలగినచో, తిరిగి వచ్చి కాపురము చేయుమని ఆ న్యాయస్థానము ఆజ్ఞాపింపవచ్చును. దీనికి దాంపత్యహక్కుల పునరుద్ధరణ మని పేరు. 1857లో ఈ యధికారము మతాధికారులనుండి రాజకీయ న్యాయస్థానమునకు మాఱెను. ఆజ్ఞను మీఱినవారిని చెఱసాలకు పంపు విధిని 1884లో ఇంగ్లండు పార్లమెంటు తీసివేసెను. 1891లో అచ్చటి అప్పీలు న్యాయస్థానము, భర్త తన భార్యను బలాత్కారముగా ఇంట నిర్బంధింపరాదని తీర్పు చెప్పెను. తుదకు ఆ దావాయే ఇంగ్లండున 1970నాటి శాసనముచేత రద్దయ్యెను.

ఇంగ్లండున పుట్టిన ఈ దావాను ఆంగ్లేయులు మనదేశమునకు తెచ్చిరి. 1867లో ప్రీవీకౌన్సిలు ఒక మహమ్మదీయ దంపతుల వ్యాజ్యెమున ఇట్టి దావా చెల్లునని యంగీకరించెను. తరువాత హిందువులును దీనిని వాడజొచ్చిరి. 1884లో బొంబాయిలో దాదాజీ భికాజీ యనునతడు రఖ్మాబాయిపై దావా వేసెను. ఆమెకు 11 ఏండ్ల ప్రాయమున అతనితో పెండ్లి జరిగెను. ఆమె అతని యింట ఎన్నడును కాపురము చేయలేదు. చదువుకొని పెద్దదైన పిమ్మట పోనన్నది. 1885లో న్యాయమూర్తి పిన్‌హీ ఆ దావాను త్రోసివేసెను. ఎన్నడును ఆరంభము కాని కాపురమును పునరుద్ధరించుట యెట్లని ఆయన యడిగెను. ఈ దావా ఇంగ్లండునుండి వచ్చినదే గాని హిందూధర్మశాస్త్రమున దీనికి ఆధారము లేదనియు చెప్పెను. మన చర్చకు ఆ తీర్పు మిక్కిలి ముఖ్యము. చేరనివారు తొలగుట సాధ్యము కాదు. రాని యింటినుండి వెళ్లిపోయినదని ఒక స్త్రీని నిందించుటకు భాష యొప్పుకొనినను బుద్ధి యొప్పుకొనదు.

1886లో అప్పీలున ఆ తీర్పు తాఱుమాఱయ్యెను. 1887లో న్యాయమూర్తి ఫారన్ ఆమెను ఒక నెలలో భర్తయింటికి పోవలెననియు, పోనిచో ఆఱు నెలలు చెఱసాల యనియు ఆజ్ఞాపించెను. ఇంగ్లండులో ఆ శిక్ష అప్పటికే మూడేండ్లక్రితము పోయినది. ఆ ఇంగ్లీషు దావాకే బొంబాయిలో ఆ శిక్ష నిలిచియుండెను. ఆమె చెఱసాలకైన పోదును గాని ఆ యింటికి పోనన్నది. ‘హిందూ స్త్రీ’ యను మాఱుపేరుతో పత్రికలకు ఆమె వ్రాసిన లేఖలచేత బాల్యవివాహముల సంగతి దేశమంతట చర్చకు వచ్చెను. 1888లో దాదాజీ రెండువేల రూపాయలు పుచ్చుకొని రాజీపడెను. ఆమె 1889లో ఇంగ్లండునకు పోయి వైద్యవిద్య నభ్యసించి, తిరిగివచ్చి సూరతునందును రాజకోటయందును చిరకాలము స్త్రీలకు వైద్యము చేసెను. పదునొకండవయేట ఒకసారి ఇతరులచే ఈయబడిన స్త్రీ, ఇరువదిమూడవయేట తనను తాను వెనుకకు తీసికొనినది. విత్‌డ్రా యను మాటకు ఇంతకంటె ఉత్తమమైన యర్థము నాకు తోచదు.

స్వతంత్రభారతమున 1955లో హిందూవివాహశాసనము వచ్చెను. విడాకులను అంగీకరించి స్త్రీలకు మేలుచేసిన ఆ శాసనములోనే 9వ విధిగా ఈ పాతదావా చేరినది. భర్త గాని భార్య గాని తగిన కారణము లేక రెండవవారి సాహచర్యమునుండి ‘విత్‌డ్రా’ ఐనచో రెండవవారు న్యాయస్థానము నాశ్రయింపవచ్చును. ఆ యేడే సెప్టెంబరులో రఖ్మాబాయి కాలధర్మము నొందినది. ఆమె ఎదిరించిన దావా ఆమెకంటె ఎక్కువకాలము బ్రతికినది. 1976లో ఆ విధికి ఒక వివరణమును చేర్చిరి: కారణము తగినదా కాదా యను వివాదము వచ్చినచో, అది తగినదే యని ఋజువు చేయవలసిన భారము తొలగినవారిదే. వినుటకు ఇది స్త్రీపురుషులకు సమానమే. కాని అత్తవారింట నున్నది కోడలు గదా. ఇల్లు విడిచి రావలసినది సామాన్యముగా ఆమెయే. కొట్టగా వచ్చినను, ఆకలిచే వచ్చినను, కట్నము తెమ్మని త్రోయగా వచ్చినను, మొదట ఆమె పేరునకు తగులునది ‘తొలగినది’ యను క్రియ. త్రోయబడితినని చూపవలసిన భారమును ఆమెదే. తెలుగున ‘వెళ్లిపోయినది’, ‘వెళ్లగొట్టబడినది’ అని రెండు వాక్యములుగా నుండునది ఆ విధిలో ఒక్కపదమున కలిసిపోయినది.

ఈ విధిని తీవ్రముగా ప్రశ్నించిన ఘనత మన తెలుగునాటి న్యాయస్థానమునకు దక్కినది. ఒక చలనచిత్రనటి పదునాఱేండ్ల ప్రాయమున పెండ్లియాడి, కొలదికాలమునకే భర్తనుండి విడిపోయెను. భర్త కడపలోని న్యాయస్థానమున పునరుద్ధరణకై అర్జీ పెట్టుకొనెను. ఆ వివాదము హైదరాబాదునందలి ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానమునకు రాగా, 1983లో న్యాయమూర్తి పి. ఎ. చౌదరిగారు 9వ విధి రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పిరి. స్త్రీయొక్క శరీరమును, మాతృత్వమును ఆమె యిష్టమునకు విడువక న్యాయస్థానపు టాజ్ఞకు లోబఱచుట మానవగౌరవమునకు భంగకరమని వారి వాదము. కాగితముమీద సమానముగా కానవచ్చునది బ్రతుకులో భార్యకే భారమగుననియు వారు చూపిరి.

1984లో సుప్రీంకోర్టు వేఱొక వ్యాజ్యెమున ఆ యభిప్రాయమును త్రోసివేసి, 9వ విధి చెల్లుననియు, అది కాపురములు చెడకుండ కాపాడుటకు తోడ్పడుననియు చెప్పెను. ఆజ్ఞను మీఱినవారి ఆస్తిని జప్తుచేయవచ్చునే గాని మనుష్యులను లాగికొనిపోవుట లేదని సమాధానపఱచెను. ఆ వ్యాజ్యెముయొక్క పూర్వకథ విచిత్రమైనది. పునరుద్ధరణ కోరినది భార్యయే. భర్త ఒప్పుకొనగా ఆజ్ఞ వచ్చెను. ఒక సంవత్సరము గడచినను కాపురము కుదురలేదని చూపి ఆ భర్తయే ఆ యాజ్ఞనే మెట్టుగా చేసికొని విడాకులు పొందెను. కలుపుటకు పుట్టిన విధి విడదీయుటకు సాధనమయ్యెను! ఐనను ఆ విధి నేటికిని శాసనమున నిలిచియున్నది.

కాపురము నిలుపవలెనన్న కోరిక మంచిదే. దానిని నేను తక్కువచేయను. అలిగి వచ్చిన పిల్లను బుజ్జగించి పంపుటయు, అల్లునకు బుద్ధిచెప్పి పంపుటయు మన పెద్దలు చేయుచు వచ్చినదే. కాని ఆ పెద్దలలో వివేకులు ‘ఏల వచ్చితివి తల్లీ?’ అని ముందడిగి, ‘ఎప్పుడు పోయెదవు?’ అని తరువాత నడిగిరి. ప్రశ్నల వరుస మాఱినచో న్యాయమే మాఱును.

ఒక మాటకు గల దోషమును తీర్చుటకు ఆ మాటను బహిష్కరింప బనిలేదు. సొమ్మునుగూర్చి చెప్పునపుడు విత్‌డ్రా యనియే యందము. మనుష్యులనుగూర్చి చెప్పునపుడు మాత్రము దానిని ఒక్కసారి తెలుగున చెప్పి చూడవలెను. తెలుగు మనచేత కర్తను చెప్పించును. ఫలానిపిల్ల బడి మానినదా, మాన్పింపబడినదా? ఫలానియామె సభనుండి తొలగినదా, తొలగింపబడినదా? ఫలానికోడలు పుట్టినింటికి వచ్చినదా, పంపబడినదా? ఈ ప్రశ్నను పట్టిక వ్రాయు ఉపాధ్యాయుడును, అర్జీ వ్రాయు వకీలును, ఇంటిలో పంచాయితీ తీర్చు పెద్దయు కలము పట్టుటకు ముందు తమ్ము తా మడుగుకొనవలెను. జవాబు దొరకినపిమ్మట ఏ భాషలో వ్రాసినను అన్యాయము జరుగదు.